ముత్యాలావిడకు మా పెద్దమ్మ గొంతు

మొన్న మధ్యాహ్నం ఫిల్మ్‌నగర్‌లో ఒక డబ్బింగ్ స్టూడియోలో కూర్చుని, తెర మీద ఒక అమెరికా ముసలావిడ పెదవుల వంక చూస్తూ, ఒక్క వాక్యం దగ్గర గంటసేపు ఆగిపోయాను. అమెరికా సీరియళ్లకు తెలుగు మాటలు రాయడం నా పని. హంతకులకు రాశాను, లాయర్లకు రాశాను, ఉల్లిపాయ సరిగ్గా తరగలేదని వంటల పోటీలో మనుషుల్ని ఏడిపించే పెద్దమనిషికి కూడా రాశాను. ఒక్క వాక్యానికి గంట ఎప్పుడూ పట్టలేదు.

ఆవిడ మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉంది. ఎనభై దాటి ఉంటాయి. మనవరాలు గుమ్మంలో నిలబడింది. ముసలావిడ ఇంగ్లీషులో అనేది ఇంతే: నాకేం కోపం లేదు, నువ్వు పైకి వెళ్లు. ఆ మాట అనబోయే ముందు కింది పెదవిని పళ్ల కింద ఒక్క క్షణం నొక్కిపెట్టి వదిలింది.

ఆ నొక్కడం నాకు తెలుసు. మొహం చూసి గుర్తుపట్టలేదు. అన్నేళ్ల తర్వాత మొహంలో గుర్తుపట్టడానికేం మిగులుతుంది? పెదవిని గుర్తుపట్టాను. నా చిన్నప్పుడు వచ్చిన ఒక సీరియల్లో ఆవిడ మెడలో ఎప్పుడూ రెండు వరసల ముత్యాలుండేవి. ఇప్పుడు లేవు. ఉన్నా లేకపోయినా ఆవిడ మాకు ముత్యాలావిడే.

"మేడమ్, ఈజీ లైన్ కదా, ఎందుకు ఆగారు?" అంది మా సూపర్వైజరు. పాతికేళ్ల పిల్ల.

"అంత ఈజీ అయితే నువ్వే రాయి" అన్నాను.

పాపం, ఆ పిల్ల తప్పేం లేదు. నా చెవుల్లో ఇయర్‌ఫోన్లున్నాయి, వాటిలోంచి ఇంగ్లీషు వస్తూనే ఉంది. నాకు మాత్రం మా పెద్దమ్మ గొంతు వినబడుతోంది.

అప్పట్లో ఈ ఫిల్మ్‌నగర్ గుట్టంతా ఎలా ఉండేదో చెబితే, ఇప్పుడు అద్దాల మేడల్లో కూర్చుని కాఫీ తాగేవాళ్లు నమ్మరు. బండలు. ఎటు చూసినా బండలు. మధ్యలో అక్కడొకటి ఇక్కడొకటి ఇళ్లు, వాటి చుట్టూ సీతాఫలం పొదలు. రోజూ మధ్యాహ్నం ఎక్కడో ఒకచోట బండ పేల్చేవాళ్లు. ముందు ఒకాయన ఎర్రజెండా పట్టుకుని ఈల వేసుకుంటూ వెళ్లేవాడు. ఈల వినబడగానే మా అమ్మ పాలగిన్నె మీద మూత పెట్టేది. ఢామ్మని పేలేది. అలమరలో గ్లాసులు గలగలమనేవి. మందుగుండు వాసన ముందు వచ్చేది, దాని వెనక రాతిపొడి వచ్చి నాలుక మీద కూర్చునేది. పేలిన ప్రతి బండ చోటా ఆరు నెలల్లో ఒక హీరోగారి ఇల్లో నిర్మాతగారి ఇల్లో లేచేది. మేం పిల్లలం పగిలిన రాళ్లలో మెరుపు ముక్కలు ఏరుకుని, అవి వజ్రాలని ఒకరికొకరం అబద్ధాలు చెప్పుకునేవాళ్లం.

మా నాన్న ఒక సినిమా కంపెనీలో మేనేజరు. కంపెనీ మద్రాసు నుంచి హైదరాబాదుకు మారితే మేమూ మారాం. కింది వాటా మాది. పై అంతస్తులో ఇంటి ఓనరమ్మ. ఆవిడది ఈ ఊరే. ఆ గుట్టల మీద వాళ్ల మామగారు మేకలు మేపేవాడట. మేకలు తిరిగిన చోట సినిమావాళ్లు తిరుగుతుంటే ఆవిడ వరండాలో కూర్చుని వక్కపలుకు నములుతూ చూసేది, ఆశ్చర్యం లేకుండా.

మా పెద్దమ్మ, అంటే అమ్మకు స్వయానా అక్క, మాతోనే ఉండేది. మద్రాసులో ఇరవయ్యేళ్లు హీరోయిన్లకు గొంతు అరువిచ్చింది. తెలుగు రాని అమ్మాయిలు తెర మీద కళ్లు తుడుచుకుంటే, హాల్లో జనం విన్న ఏడుపు మా పెద్దమ్మది. పెదనాన్న మద్రాసులోనే ఉండిపోయాడు, ఇంకో ఇంట్లో. ఆ ఇంకో ఇంటి మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. పెద్దమ్మ ఒక ట్రంకు పెట్టె, వేడినీళ్ల ఫ్లాస్కు పట్టుకుని మాతో వచ్చేసింది.

ఇక్కడి స్టూడియోల్లో మొదట్లో తల్లి వేషాలకు పిలిచారు. తర్వాత అత్త వేషాలకు. తర్వాత "గొంతులో జీర వచ్చిందమ్మా" అన్నారు. ఆ తర్వాత ఏమీ అనడం మానేశారు. ఫోను ఓనరమ్మ ఇంట్లో ఉండేది. అది మోగినప్పుడల్లా పెద్దమ్మ చేతిలో ఏ పని ఉన్నా ఆగేది. ఓనరమ్మ మేడ మీంచి పిలవకపోతే మళ్లీ మొదలయ్యేది. నేను పదో తరగతి పరీక్షలు రాసిన ఏడాదికి, ఫోను మోగినా ఆ చెయ్యి ఆగడం మానేసింది.

ఆ వేసవిలోనే ఓనరమ్మ ఇంటికి కేబుల్ వైరు వచ్చింది. తెప్పించింది ఆవిడ భర్త, అమెరికా కుస్తీల కోసం. మారువేషాల్లాంటి బట్టలు తొడుక్కున్న వస్తాదులు ఒకరినొకరు ఎత్తి కుదేస్తుంటే, ఆయన కింద పడ్డవాడి పక్షం వహించేవాడు. "లే బిడ్డా, లే! గంతల్నే పండుకుంటవా?" అని కేకలేసేవాడు. ఆయన మధ్యాహ్నం నిద్రకు పోయాక టీవీ ఆడవాళ్లది.

అదంతా ఇంగ్లీషే. సముద్రపొడ్డున అరకొర బట్టల్లో పరుగులు తీసే సీరియలొకటి వచ్చేది. అది రాగానే మా అమ్మ లేచి టీవీ ముందు నిలబడి చీరకుచ్చెళ్లు సర్దుకునేది, అయిపోయేదాకా. తర్వాత ఒకావిడ వచ్చినవాళ్లందర్నీ సోఫాలో కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని, ఇంట్లో సంగతులన్నీ రాబట్టి ఏడిపించేది.

"గామెకు ఇంట్ల పనుండదా అక్కా? ఊరోళ్లను పిల్చి ఏడ్పిస్తది" అనేది ఓనరమ్మ. కానీ చానెల్ మార్చనిచ్చేది కాదు.

పెద్దమ్మ పని మొదలైంది మాత్రం వార్తలతో. ఒకరోజు టై కట్టుకున్న ఒక అమెరికా పెద్దమనిషి మహా గంభీరంగా వార్తలు చదువుతున్నాడు. ఓనరమ్మ విసుక్కుంది. "ఏం జెప్తుండో ఏమో, గీ టై కట్టుకున్నోడు."

మూల కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్న పెద్దమ్మ, తలెత్తి, మగగొంతుతో అంది: "అందరికీ మనవి. ఈ వారం కిరోసిను రాలేదు. కార్డులు తీసుకుని ఎవరిళ్లకు వాళ్లు వెళ్లండి."

ఆఖరి మాటకు సరిగ్గా ఆయన కాగితాలు సర్దుకుని తలాడించాడు. ఓనరమ్మ నవ్వి నవ్వి, వక్క గొంతుకు అడ్డం పడి, నీళ్లు తాగాల్సి వచ్చింది.

ఆ మర్నాడు ముత్యాలావిడ సీరియల్ రాగానే ఓనరమ్మే అంది. "గా తెల్లోళ్ల లొల్లి జర తగ్గియ్యి బిడ్డా. అక్కా, నువ్వు చెప్పు."

సౌండు బాగా తగ్గించాను. పెద్దమ్మ చెప్పింది. ఆ రోజు నుంచి నెలరోజులు, మధ్యాహ్నం మూడింటికి, ఆ గదిలో అమెరికా తెలుగు మాట్లాడింది.

ఆవిడ పద్ధతి నేను ఇప్పుడు, ఈ పనిలో ఇన్నేళ్లు మునిగాక, కొంచెం అర్థం చేసుకున్నాను. మొహం చూసేది కాదు, నోరు చూసేది. పెదవులు ఎక్కడ మూసుకుంటాయో అక్కడ ప, బ, మ పడాలి. నోరు తెరిచి ఉండగా మాట ఆగకూడదు, మూశాక మాట మిగలకూడదు. మాటకు ముందు తీసుకునే ఊపిరిని బట్టి కోపమో దుఃఖమో తేల్చేది. ఇదంతా కాగితం లేకుండా, ముందు చూడకుండా, తెర మీద జరుగుతుండగానే. ఆవిడకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. మద్రాసులో కూడా డైలాగు ఎవరో రాసిస్తే చెప్పేది. ఇక్కడ రాసేవాడు లేడు కాబట్టి కథ కూడా తనే చేసింది.

ఆవిడ చెప్పిన కథలో ముత్యాలావిడ గొప్పింటి కోడలు. మీసాలాయన ఆమె భర్త. అతను ఎర్రజుట్టు ఆమెతో వేరే ఇంట్లో ఉంటున్నాడు. ఎప్పుడూ నల్లకోటులో వచ్చే ఇంకొకావిడ ఆడపడుచు. ఓనరమ్మ, పక్కింటి మేకప్‌మ్యాన్ భార్య, మా అమ్మ, ముగ్గురూ ఊపిరి బిగబట్టి చూసేవాళ్లు.

"గా ఆడిబిడ్డ నోట్ల మన్ను వొయ్య" అనేది ఓనరమ్మ.

"మా ఆడపడుచు ఇంతకంటే నయమండీ, కనీసం మొహమ్మీద అంటుంది" అనేది మేకప్‌మ్యాన్ భార్య.

నేను టీవీ పక్కనే కింద కూర్చునేదాన్ని. తగ్గించిన సౌండు నాకొక్కదానికే వినబడేది. నల్లకోటావిడ ఆడపడుచు కాదని, లాయరని నాకు తెలుసు. మాది ఇంగ్లీషు మీడియం. ఆ ఏడాది స్కూల్లో ఇంగ్లీషు వక్తృత్వపు పోటీలో కప్పు తెచ్చుకున్నాను. ఆ కప్పును మా అమ్మ పప్పుల డబ్బాల పక్కన పెట్టింది. అందులో ఇంగువ పొట్లం దాచింది. ఆ గదిలో ఇంగ్లీషు వచ్చింది నాకొక్కదానికే, కానీ "ఏమందే?" అని నన్ను అడిగినవాళ్లు ఒక్కరు లేరు. అందరూ పెద్దమ్మ వైపే తిరిగేవాళ్లు. పదిహేనేళ్ల పిల్లకు ఇది చిన్న సంగతి కాదు. ఇప్పుడు సాకు చెప్పుకోవడం లేదు, జరిగింది చెబుతున్నాను.

మేకప్‌మ్యాన్ భార్యకు ఒక తమ్ముడున్నాడు. డబ్బింగ్ ఇన్‌ఛార్జి, అంటే ఏ పాత్రకు ఎవరు గొంతివ్వాలో కుదిర్చే మనిషి. ఒకరోజు ఆవిడ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది.

"వదినగారూ, మన ముత్యాలావిడ సీరియల్ తెలుగులో చెప్పించబోతున్నారట! మా తమ్ముడికే అప్పజెప్పారు. మీ సంగతి చెప్పాను. శుక్రవారం వచ్చి వింటానన్నాడు."

పెద్దమ్మ ముఖం తుడుచుకుని, "తల్లి వేషానికా?" అంది.

"ముత్యాలావిడకేనండీ! అసలు హీరోయిన్‌కి!"

ఆ వారం మా ఇంట్లో ఆవకాయ పెడుతున్నారు. ముక్కలు కొట్టే కత్తిపీట చప్పుడు, ఆవపిండి ఘాటు, పప్పునూనె వాసన, వరండా నిండా పరిచిన పాత చీరల మీద మామిడి ముక్కలు. కొత్తావకాయ జాడీకెత్తాక, కలిపిన పళ్లెంలో మిగిలిన పిండిలో వేడన్నం వేసి అమ్మ ముద్దలు కలిపి అందరి చేతుల్లోనూ పెట్టేది. ఆ ముద్ద కోసం పెద్దమ్మ మద్రాసులో ప్రతి వేసవికీ ఊరి ఆ చివర నుంచి మా ఇంటికి బస్సెక్కి వచ్చేది. ఈసారి చెయ్యి చాపలేదు.

"వద్దే. గొంతు" అంది.

పులుపు మానేసింది. పెరుగు మానేసింది. మూడు రోజులు మిరియాల చారు, పటికబెల్లం ముక్క, ఫ్లాస్కులో వేడినీళ్లు. తెల్లవారకుండానే లేచి పెరట్లో బండ మీద కూర్చుని "ఆ"లు "ఊ"లు తీసేది. నేను కిటికీలోంచి చూసి వెక్కిరిస్తూ నేనూ "ఊ" అనేదాన్ని. ఆవిడ నవ్వి, "ఇంకొంచెం కడుపులోంచి తీయవే" అనేది.

శుక్రవారం గంజి పెట్టిన నేతచీర కట్టుకుంది. ఇన్‌ఛార్జి వచ్చాడు. ఓనరమ్మ కుర్చీ వేయించి, కాఫీ ఇప్పించి, నన్ను సౌండు తగ్గించమంది. మూడయింది. పెద్దమ్మ కింది పెదవిని ముత్యాలావిడలాగే ఒకసారి నొక్కి వదిలి, మొదలుపెట్టింది.

ఆ రోజు పెద్దమ్మ చెప్పినట్టు నేను తర్వాత ఏ స్టూడియోలోనూ వినలేదు. నలుగురి గొంతులు మార్చి చెప్పింది. ఇన్‌ఛార్జి చేతిలో కాఫీ చల్లారిపోయింది. చివరి సీను వచ్చింది. మీసాలాయన ఏవో కాగితాల కోసం పాత ఇంటికి వచ్చాడు. తీసుకుని వెళ్లిపోతున్నాడు. ముత్యాలావిడ గది మధ్యలో నిలబడి ఉంది. అతను గుమ్మం దాటుతుంటే ఒక్క మాట అంది. పెదవులు మూడుసార్లు మూసుకున్నాయి, ఆఖరిసారి మాట చివర.

పెద్దమ్మ అంది: "తలుపు మూయకు. గాలినైనా రానిద్దాం."

ఓనరమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మా అమ్మ నేల చూపులు చూస్తోంది. ఇన్‌ఛార్జి గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ఇంకెవర్నీ వినక్కర్లేదు నేను. పైగా తర్జుమా కూడా మీరే చేసేసుకుంటున్నారు! ఇంగ్లీషు ఎక్కడ నేర్చుకున్నారండీ?"

పెద్దమ్మ చిన్నగా నవ్వి ఊరుకుంది. ఆయన మర్యాదకి, ఏదో మాట కలపాలని, నా వైపు తిరిగాడు.

"ఏం పాపా, నువ్వు ఇంగ్లీషు మీడియమట కదా. పెద్దమ్మ సరిగ్గానే చెప్పింది కదూ?"

నెలరోజుల్లో ఆ గదిలో నన్ను ఎవరైనా ఏదైనా అడగడం అదే మొదటిసారి. పెద్దమ్మ నా వైపు చూసింది. ఆ చూపులో బతిమాలడం లేదు. ఒక పాత్ర మాట అందుకోవడానికి ఇంకో పాత్ర వైపు చూసినట్టు చూసింది, అంతే.

"లేదండీ" అన్నాను. "ఒక్క ముక్క కూడా సరిగ్గా లేదు. తలుపూ అనలేదు, గాలీ అనలేదు. దీపం బాగు చేయించాను, ఇక నువ్వు ఇంటికి వెళ్లొచ్చు, అంది. ఆ నల్లకోటావిడ ఆడపడుచు కాదు, లాయరు. పెద్దమ్మకు ఇంగ్లీషు రాదు. నెలరోజుల నుంచి కథంతా తనే కల్పిస్తోంది."

కప్పు తెచ్చిపెట్టిన గొంతుతోనే చెప్పాను. స్పష్టంగా, తడబడకుండా.

ఇన్‌ఛార్జి నవ్వబోయి ఆగాడు. పెద్దమ్మ వైపు చూశాడు, టీవీ వైపు చూశాడు. "అదేం పెద్ద విషయం కాదులెండి... చానెల్ వాళ్లు అసలు డైలాగుతో సరిచూసుకుంటారు, అదొక్కటే... కబురు చేస్తాను" అని లేచాడు. కబురు రాలేదు. రాదని ఆయన చెప్పులు వేసుకునేటప్పుడే అందరికీ తెలిసింది.

పెద్దమ్మ ఆయన తాగని కాఫీ కప్పు తీసి లోపల పెట్టి, కిందికి వెళ్లిపోయింది. ఓనరమ్మ టీవీ కట్టేసింది. నేను మెచ్చుకుంటారేమో అన్నట్టు అక్కడే నిలబడ్డాను. మీకు తెలియని నిజం చెప్పాను కదా, ఇన్నాళ్లూ మిమ్మల్ని మోసం చేస్తుంటే బయటపెట్టాను కదా, అని. నిజంగానే అనుకున్నాను.

ఓనరమ్మ నన్ను తేరిపార చూసింది.

"మాకు తెల్వదా బిడ్డా? అక్కకు ఇంగ్లీషొస్తదని మాకు ఎవలు చెప్పిన్రు? తెలిసే కూసున్నం. గా తెల్లామె ఏమన్నదో మాకెందుకు? అక్క ఏమంటదో ఇందామని కూసున్నం. నువ్వెందుకు చెప్పినవ్?"

నాతో వాదించి నెగ్గినవాళ్లు మా ఆఫీసులో లేరు, మా ఇంట్లో లేరు, మా అపార్ట్‌మెంటు కమిటీలో అసలే లేరు. ఓనరమ్మ మాత్రం ఆ ఒక్క ప్రశ్నతో నెగ్గింది.

సాయంత్రం భోజనాల దగ్గర పెద్దమ్మ తనే లేచి జాడీ మూత తీసి, కొత్తావకాయ రెండు బద్దలు వడ్డించుకుంది. అన్నంలో కలుపుకుని తింది. తర్వాత పెరుగన్నంలోకి ఇంకో బద్ద. అమ్మ చూసింది. నాతో మాత్రం అమ్మ వారం రోజులు మాట్లాడలేదు.

తిన్నాక పెద్దమ్మ నన్ను పెరట్లో బండ దగ్గరికి పిలిచింది. తిడుతుందనుకుని, నేను చెప్పింది నిజమే కదా అనడానికి సిద్ధపడి వెళ్లాను.

"ఇందాకటిది మళ్లీ చెప్పు. నిజంగా ఏమంది?"

"దీపం బాగు చేయించాను. ఇక నువ్వు ఇంటికి వెళ్లొచ్చు."

"ఇంతేనా?"

"ఇంతే."

కాసేపు పెదవులు కదిలించుకుంది, లోపల పెట్టి చూసుకుంటున్నట్టు. "దీపం ఎవరిది?"

"ఆయన చదువుకునే బల్ల మీది దీపం. పాడైందని ఎప్పుడో అన్నాడు."

"వెళ్లిపోయినవాడి దీపం బాగు చేయించిందా?" అంది. తర్వాత, "ఇంటికి అందా? అదే మాట అందా? ఆ రెండో ఇంటిని ఇల్లు అందా?"

"అవును. హోమ్ అంది."

"మరి అదే కదే నేను చెప్పింది" అంది పెద్దమ్మ.

కాదని వాదించాను. తలుపు ఎక్కడుంది, గాలి ఎక్కడుంది అన్నాను. ఆవిడ "సరేలే" అని లేచి వెళ్లి పడుకుంది. మద్రాసులో పెదనాన్న ఆఖరిసారి గుమ్మం దాటినప్పుడు ఏం జరిగిందో నేను అడగలేదు. అడగాలని తెలిసేసరికి అడగడానికి మనిషి లేదు.

తర్వాత నాలుగైదు రోజులు ఓనరమ్మ కబురు పంపింది. పెద్దమ్మ తలనొప్పి అంది. అప్పుడు వాళ్లు నన్నే చెప్పమన్నారు. చెప్పాను, తు.చ. తప్పకుండా. లాయరు ఏ రోజు వస్తుందో, ఏ కాగితం మీద ఎవరు సంతకం పెట్టాలో, అన్నీ సరిగ్గా. మూడోరోజుకు మేకప్‌మ్యాన్ భార్య గోరుచిక్కుడుకాయలు తెచ్చుకుని ఈనెలు తీస్తూ కూరల ధర గురించి మాట్లాడింది. వారానికి గది ఖాళీ. మధ్యాహ్నాలు కూడా కుస్తీలే.

ఆ సీరియల్ తెలుగులో వచ్చింది, ఏడాది తర్వాత. ముత్యాలావిడకు ఎవరో కాలేజీ పిల్ల గొంతు. తర్జుమాలో తప్పుల్లేవు. ఆవిడ నోరు మూసుకున్నాక కూడా తెలుగు నడుస్తూ ఉండేది. పెద్దమ్మ ఒకేఒక్కరోజు చూసింది. "పిల్ల గొంతు బాగుంది. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఎవరూ చెప్పినట్టు లేదు, పాపం" అంది. మరి చూడలేదు.

ఆఖరి రోజుల్లో గుంపు గొంతులకు వెళ్లేది. సినిమాలో జనం అరిచే చోట పదిమందిని మైకు చుట్టూ నిలబెడతారు, అది. ఒకసారి హాల్లో సినిమా చూస్తుంటే, హీరో లారీ కింద పడబోయే చోట జనంలోంచి ఒక "అయ్యో!" వినబడింది. అమ్మ నా చెయ్యి గిల్లింది. "అక్క" అంది. మేమిద్దరం ఆ తర్వాత సినిమా ఏం చూడలేదు, ఇంకో "అయ్యో" కోసం విన్నాం. రాలేదు. నేను ఎమ్మే ఇంగ్లీషు రెండో ఏడాదిలో ఉండగా పెద్దమ్మ పోయింది. తప్పయిపోయిందని నేను ఎప్పుడూ అనలేదు. నేను చెప్పింది నిజం కాబట్టి అనక్కర్లేదని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను.

మొన్న స్టూడియోలో ముసలావిడకు గొంతివ్వడానికి వచ్చినావిడకు అరవై ఉంటాయి. గొంతులో మంచి జీర ఉందని వెతికి మరీ తెచ్చాం. ఇప్పుడు జీర కావాలి. కాలం మారింది, సంతోషం.

తెర మీది పెదవులు మళ్లీ వేయించుకుని చూశాను. నాకేం కోపం లేదు, నువ్వు పైకి వెళ్లు. ఇంగ్లీషులో మూడుచోట్ల మూసుకుంటున్నాయి, ఆఖరిది మాట చివర. నా తెలుగు చివర నోరు తెరుచుకునే ఉంటోంది. కాగితం మీద ఇంకో వాక్యం రాసి మైకు దగ్గరికి పంపించాను.

సూపర్వైజరు పిల్ల దాన్ని చదివింది. "మేడమ్, ఆవిడ అలా అనలేదు కదా?"

"అనలేదు."

"క్లయింట్ ఒప్పుకోరు మేడమ్. అసలు డైలాగుతో చెక్ చేస్తారు."

"ఒప్పుకోరు. రికార్డు చెయ్యొద్దు. ఒక్కసారి పెదవులకు పెట్టి చూద్దాం. రిహార్సలనుకో."

బొమ్మ నడిచింది. ముసలావిడ కింది పెదవి నొక్కి వదిలింది. అద్దం అవతల, జీర గొంతు మెల్లగా అంది: "తలుపు మూయకు. గాలినైనా రానిద్దాం."

మొదటి మూత దగ్గర పు పడింది. రెండోదాని దగ్గర మూ. ఆఖరి మూతతో మాట అయిపోయింది, ఒక్క పిసరు అటూ ఇటూ కాకుండా. ఇంజనీరు బొమ్మ ఆపడం మర్చిపోయాడు. సూపర్వైజరు పిల్ల నా వైపు చూడకుండా, "ఇంకోసారి వేస్తారా?" అంది. ఇంకోసారి వేశారు.

తర్వాత కరెక్టు డైలాగే రికార్డు చేశాం. రెండు టేకుల్లో ఓకే అయింది. ముసలావిడ నోరు మూసుకున్నాక కాస్త తెలుగు మిగిలిపోయింది. ఎవరూ పట్టించుకోరు.

సామాను సర్దుకుంటుంటే ఆ పిల్ల వెనకాలే వచ్చింది. "మేడమ్, ఆ లైన్ ఎవరు రాశారు? మీరేనా?"

"కాదు. మా పెద్దమ్మది" అన్నాను. అద్దం అవతలి ఆవిడ, ఇంజనీరు, టీ తెచ్చినాయన, అందరూ వింటున్నారు. "ఆవిడకు ఇంగ్లీషు రాదు."

ఈ మాట నేను నలుగురిలో అనడం అది రెండోసారి.